తీతర్ కూత, పీరూ కూత

పోయిన మే నెలలో పులివెందులలో ఆపా వాళ్ళింట్లో ఫ్రిజ్ తెరిస్తే, వెన్న గిన్నె పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బీ కనబడింది. లోపల గుర్రపు నాడాల ఆకారంలో నాలుగు బిళ్ళలు. చుట్టూ రంగు టేపు, నడుమ పలచని రబ్బరు. పళ్ళ డాక్టర్ ఇచ్చినవేమో అనుకున్నాను. ఆపా అయితే అవి అమెరికా షుగర్ దవా అనుకొని రెండు రోజులుగా పిల్లల్నెవర్నీ ఆ అరలో చెయ్యి పెట్టనివ్వలేదట.

"దవా కాదమ్మీ, కూత. ఎండకు రబ్బరు చెడిపోతుందని పెట్టినా" అన్నాడు భాంజా.

వాడు టెక్సాస్‌లో ఉంటాడు. చెల్లెలి నికాహ్‌కి వచ్చాడు. ఆఫీసు దోస్తు ఒకడు రెండేళ్ళ కింద వాణ్ణి టర్కీ కోళ్ళ షికారుకి తీసుకుపోయాడట, అప్పట్నుంచి పిచ్చి పట్టుకుంది. ఆ బిళ్ళను అంగిలికి ఆనించి, నాలుకతో ఒత్తి, కడుపులోంచి గాలి వదిలితే ఆడ టర్కీ పలికినట్టు పలుకుతుంది. దాన్ని విని మగది వస్తుంది. వాడు నాకోసమని ఒకటి నోట్లో పెట్టుకొని ఊదితే వంటింట్లో దేగ్ దగ్గరున్న బావర్చీ గరిటె వదిలేసి వచ్చి చూశాడు.

నాలుగూ నాలుగు రకాలు. ఒకదానికి రబ్బరు ఒకే పొర. ఇంకోదానికి రెండు పొరలు. మూడోదానికి మూడు పొరలు, పై పొర నడుమ 'వి' అక్షరం లాగా కోత. నాలుగోదానికి కోత గబ్బిలం రెక్కల ఆకారంలో. పొరలు పెరిగేకొద్దీ, కోత పడేకొద్దీ గొంతు గరగరలాడుతుంది, గాలి కూడా ఎక్కువ కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఒకటి రెండు పొరలవే నయమంటారట. చుట్టూ ఉన్న టేపును ఎవరి అంగిలికి తగ్గట్టు వాళ్ళు కత్తెరతో కత్తిరించుకోవాలి. చెక్క పెట్టె, పలక మీద పుల్ల రాసి పలికించే కూతలు కూడా ఉన్నాయట గానీ వాటికి చేతులు కావాలి. నోటి కూత అయితే రెండు చేతులూ బందూక్ మీదే ఉంటాయి. చాలా రాష్ట్రాల్లో రికార్డు చేసిన కూత వినిపించి టర్కీని పిలవడం మనా. నోటితోనో చేతితోనో పలికించాల్సిందే.

"మామూ, నాకు ఏది నప్పుతుందో నానా చెప్పాల" అన్నాడు. "నానా తీతర్లను పిలిచేవాడు కదా."

నేను వెంటనే జవాబు ఇవ్వలేదు.

మా అబ్బా జమ్మలమడుగులో మా తమ్ముడి దగ్గర ఉంటాడు. ఎనభై నాలుగేళ్ళు. మూడేళ్ళ కింద ఫాలిజ్ వచ్చి నోరు ఒక పక్కకు పోయింది. మాట వస్తుంది గానీ తక్కువ. ప్రొద్దుటూరులో నా బట్టల కొట్టు నుంచి అరగంట దూరమే అయినా, జుమా రోజు పోయి పక్కన కూర్చొని వస్తాను, అంతే. మాట్లాడుకునేది తక్కువ. ఫాలిజ్‌కి ముందు కూడా తక్కువే, అబద్ధమెందుకు.

తీతర్ అంటే తెలుగులో కౌజు పిట్ట. దాని కూతలోంచే దానికి ఆ నామ్ వచ్చింది, తీ-తర్, తీ-తర్ అని. ఉత్తరాదిలో నల్ల తీతర్ 'సుబ్హాన్ తేరీ ఖుద్రత్' అంటుందని మన పెద్దలు చెప్పేవాళ్ళు. మా గండికోట దారి కంపచెట్లలో ఉండే బూడిద రంగు తీతర్ అంత జిక్ర్ చేయదు గానీ, ఫజర్ అయ్యాక ఒకటి మొదలుపెడితే గుట్టంతా జవాబిస్తుంది. అబ్బా దగ్గర పంజరంలో ఒక పెంపుడు తీతర్ ఉండేది. అది పలకని రోజు తనే పలికేవాడు. చీల్చిన వెదురు పుల్ల నడుమ తాటాకు ముక్క బిగించి, పెదాల మధ్య పెట్టుకొని. భాంజా డబ్బీలో ఉన్నదీ అదే యంత్రం. తాటాకు బదులు రబ్బరు, పెదాల బదులు అంగిలి. చుట్టూ ఉచ్చులు పన్ని, తన ఇలాఖాలోకి ఎవడొచ్చాడో చూద్దామని గుస్సాతో వచ్చిన పిట్ట కాలు తగులుకునే దాకా పొద కింద పడుకునేవాడు. 1972 చట్టం అప్పటికే ఉంది. మా వాడలో దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, ఆ మాట దాచను. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. ఇవాళ కౌజును పట్టడం జుర్మ్, జైలుకు పోయే పని. చదివే పిల్లలు ఎవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

పంజరం మోసేవాణ్ణి నేను. పదకొండేళ్ళు. తాటాకు కూత నాకూ వచ్చేసింది, అబ్బా కంటే బాగా అని మా చాచా అనేవాడు. ఒక ఫజర్ తర్వాత అబ్బా దగ్గుతూ ఉంటే కూత నా చేతికిచ్చాడు. నేను పిలిచాను. జోడీగా వచ్చాయి రెండూ. రెండూ తగులుకున్నాయి. అబ్బా 'బిస్మిల్లాహి అల్లాహు అక్బర్' అని చాకు తీశాడు. అప్పుడు వెనక గడ్డిలోంచి సన్నగా చప్పుడు వినబడింది. కోడిపిల్లల చప్పుడు లాంటిదే, ఇంకా సన్నం. "అబ్బా, బచ్చే హైఁ" అన్నాను. "చుప్, చల్" అన్నాడు. చెయ్యి పట్టుకొని గుట్ట దించాడు.

ఆ రాత్రి సాలన్ నేను ముట్టలేదు. అబ్బా ఒక్క మాట అనలేదు. కొన్ని నెలలకు పంజరం ఎవరికో ఇచ్చేశాడు, షికార్ మానేశాడు. ఫారెస్ట్ వాళ్ళు జుర్మానా వేస్తామన్నారని అమ్మీ చెప్పింది. నేనూ అదే అనుకున్నాను. నా నోటితో పిలిచిన పిట్టలు కదా, నేనైతే ఇంతవరకు తీతర్ గోష్త్ తినలేదు. బటేర్ కూడా తినను.

ఇదంతా భాంజాకి చెప్పలేదు. "సరే, నికాహ్ అయ్యాక పోదాం" అన్నాను.

ఈలోపు ఆపా ఫికర్ వేరే. కొడుకు కొట్టే పిట్ట హలాలా హరామా అని. టర్కీ కోడి తినడం జాయిజే, మన కోడి లాంటిదే అని మౌల్వీ సాబ్ చెప్పారు. చిక్కు బందూక్ దగ్గర వచ్చింది. బిస్మిల్లా అని పేల్చినా, ఛర్రా దెబ్బకే ప్రాణం పోతే అది హలాల్ కాదని మన హనఫీ ఉలమాల్లో చాలామంది మాట. బాణం ములుకు గుచ్చుకోవడం వేరు, కర్ర అడ్డంగా తగిలి చావడం వేరు అన్న హదీసు మీద నిలబడిన మస్అలా అది. ప్రాణం ఉండగా అందుకొని జబహ్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు. కానీ అక్కడి షికారీలు తలకూ మెడకూ గురిపెడతారు, పిట్ట తడుముకోకుండా ఒక్కసారిగా పోవాలని. వాళ్ళ లెక్కలో అదే రహమ్. మావాడి లెక్కలో అప్పుడు అది మురదార్. రెండేళ్ళలో ఒక్క పిట్ట పడిందట, వీడు చాకు తీసుకొని పరుగెత్తేలోపే చచ్చిపోయింది, దోస్తుకిచ్చేశాడు. ఆపాకి ఈ సంగతి విని కొంత ఇత్మినాన్ కలిగింది గానీ, "ఇంత కష్టం కైకు రే, అంగట్లో హలాల్ చికెన్ దొరకదా" అని అడగడం మానలేదు. వాడి దగ్గర జవాబు లేదు. మా అబ్బా దగ్గర కూడా అమ్మీకి చెప్పే జవాబు ఎప్పుడూ ఉండేది కాదు.

వలీమా అయిన మూడోరోజు ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయాం. అబ్బా బిళ్ళను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు.

"ఏ పిట్ట?"

"టర్కీ, నానా."

అర్థం కాలేదు. "పీరూ" అన్నాను నేను. అప్పుడు ముఖం వెలిగింది. ఆ నామ్ మనకు పోర్చుగీసు వాళ్ళు ఇచ్చిపోయారు. తుర్కీ దేశంలోనేమో దాన్ని 'హిందీ' అంటారు. ఇంగ్లీషు వాళ్ళు తుర్కీ పిట్ట అంటారు. అది నిజానికి అమెరికాది, ఎవరూ మాది అనుకోలేదు పాపం. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి ఒక పీరూను తెచ్చి జహంగీర్ బాద్షాకు చూపిస్తే, ఆయన అబ్బురపడి తన తుజుక్‌లో దాని తల మెడల రంగులు ఎలా మారతాయో రాసుకున్నాడు. ఉస్తాద్ మన్సూర్‌తో తస్వీర్ గీయించాడు. ఆ తస్వీర్ ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఫోన్‌లో తీసి చూపిస్తే అబ్బా వేలు పెట్టి మెడ కింద వేలాడే తోలు చూసి నవ్వాడు, సగం నోటితో.

భాంజా ఇంట్లోనే నాలుగూ ఊదబోతే అబ్బా చెయ్యెత్తి ఆపాడు. "నదీ" అన్నాడు.

అసర్ తర్వాత ఆటోలో పెన్న ఒడ్డుకు తీసుకుపోయాం. మే నెల, నీళ్ళెక్కడివి, ఇసుకే. అబ్బాని ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టాం. భాంజాని దూరంగా, ఇంకా దూరంగా, కంపచెట్ల దాకా పొమ్మని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. కూత ఊదేవాడి చెవికి కాదు, వినే పిట్ట చెవికి కుదరాలి. అంత దూరం నుంచి ఏది ఎట్లా వినబడుతుందో అది చూడాలి.

మూడు పొరలది దగ్గర్లో అన్నిటికంటే జబర్దస్త్‌గా ఉండింది. ఇసుక దాటి వచ్చేసరికి కాకి గోలైంది. గబ్బిలం కోతది గరగరగా ఉన్నా ప్రతిసారీ ఒకే అచ్చు, యంత్రం కొట్టినట్టు. ఒక పొరది మెత్తగా, తీయగా ఉంది గానీ గాలికి సగం చెదిరిపోయింది. రెండు పొరలదాన్ని ఊదుతూ భాంజా రెండుసార్లు తప్పాడు. నడుమ గొంతు పగిలింది. అబ్బా కుర్చీలో ముందుకు వంగాడు.

"వో" అన్నాడు. "అదే."

"తప్పుతున్నాడు కదా అబ్బా?"

"పిట్టకూ... తప్పుతుంది."

భాంజా చెమటలు కక్కుతూ వచ్చాడు. అబ్బా వాణ్ణి పక్కన కూర్చోమని ఇసుక చూపించాడు. తర్వాత అడిగాడు. "వచ్చేది నరా, మాదా?"

"నర్ నానా. మేము పిలిచేది వసంతంలో. ఆ కాలంలో చాలాచోట్ల ఛాతీ మీద గడ్డం ఉన్నదాన్నే కొట్టాల, కానూన్. ఆడవి గుడ్ల మీద ఉంటాయి."

"బచ్చోంకు... కౌన్ చూస్తుంది?"

"తల్లే. మగది పట్టించుకోదు. గూడు దగ్గరకు కూడా పోదు."

అబ్బా చాలాసేపు పెన్న వైపే చూశాడు. మగ్రిబ్‌కి ఇంకా టైముంది. నేను ఆటోవాడికి ఫోన్ చేద్దామని లేచాను. నా చెయ్యి పట్టుకున్నాడు, బాగున్న చేత్తో.

"తీతర్... మగదీ చూసుకుంటుంది" అన్నాడు. కొంచెం ఆగి, "ఆ రోజు నాకూ వినబడ్డాయి రే. బచ్చే."

భాంజాకి ఏమీ అర్థం కాలేదు. నావైపు చూశాడు. నేను అబ్బా కుర్చీ కాళ్ళ దగ్గర ఇసుక సర్దుతున్నట్టు కూర్చుండిపోయాను. నలభై ఆరేళ్ళు నేను ఫారెస్ట్ వాళ్ళ జుర్మానా అనుకున్నాను. ఆయన మళ్ళీ ఆ గుట్టకు పోయి వెతికాడా అని అడగాలనిపించింది. అడగలేదు. అంత మాట ఆయన చెప్పడానికి పట్టిన కష్టం చూశాక ఇంకో మాట అడగబుద్ధి కాలేదు.

తిరిగి వస్తుంటే ఆటోలో భాంజా ఫోన్‌లో ఏదో చదివి చెప్పాడు. అమెరికాలో కూడా ఒకప్పుడు అడవి టర్కీలు వేటకూ అడవుల నరుకుడుకూ చాలా రాష్ట్రాల్లో లేకుండా పోయాయట. మిగిలినవాటిని బతికుండగా పట్టి, లేనిచోట్ల వదిలి మళ్ళీ పెంచుకున్నారట. నాకు మన కలివి కోడి గుర్తొచ్చింది. 1900 తర్వాత ఎవరికీ కనబడని ఆ పిట్ట 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే, సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పక్కన దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ సాబ్ వెతుకుతుంటే, రాత్రిపూట దీపంతో పట్టి తెచ్చింది మన స్థానిక వేటగాళ్ళే. లంకమల అడవిని రక్షిత ప్రాంతం చేసింది దానికోసమే. తర్వాత దాని కూతను రికార్డు చేసి, పొద్దుగూకే వేళ కంపల్లో వినిపించి, జవాబు వస్తుందా అని చెవులు రిక్కించి కూర్చున్నారు. ఉచ్చు లేదు, చాకు లేదు. పిలవడం, వినడం, లెక్క రాసుకోవడం. అబ్బాకి ఆ ఉద్యోగం ఎవరైనా ఇచ్చి ఉంటే అనుకున్నాను.

భాంజా వెళ్ళేటప్పుడు రెండు పొరలది జేబులో పెట్టుకున్నాడు. మూడు పొరలదీ గబ్బిలందీ మా తమ్ముడి పిల్లలు అడిగితే గొంతులో ఇరుక్కుంటాయని ఇవ్వలేదు. ఒక పొరది కనబడలేదు. సూట్‌కేసు అంతా వెతికాడు, ఫ్రిజ్ వెతికాడు, పోనీలే అని వెళ్ళిపోయాడు.

మొన్న జుమాకి పోయినప్పుడు మా మరదలు వంటింట్లోంచి పరుగెత్తడం చూశాను. అబ్బా గదిలోంచి చప్పుడు వస్తోంది. మొదట గాలి, తర్వాత ఈల, తర్వాత పగిలిన గొంతుతో ఏదో. పీరూ కాదు. మూడు దెబ్బలుగా, చివరిది పైకి.

"మింగేస్తే ఏం గతి మామా! డాక్టర్ ఏం చెప్పాడు!" అని ఆమె అరుస్తోంది. కట్టుడు పళ్ళు గిన్నెలో నీళ్ళలో ఉన్నాయి. అబ్బా నోరు గట్టిగా మూసుకొని, ఏమీ తెలియనట్టు నావైపు చూశాడు.

"నక్కో, చుప్ ఉండు" అన్నాను మరదలితో. "నేను కూర్చుంటాను ఇక్కడ."