మా కారుకు వచ్చిన నత్తి

హోసూరులో ఒక ఆఫీసు గుమాస్తాకు మోటారు విద్య ఎందుకని చదువరులు అడగవచ్చును. నాకా విద్య తెలియదు. తెలియకనే ఇదంతా జరిగింది.

మా నాయన 1996లో కొన్న మారుతి 800 ఈనాటికీ మా ఇంట్లోనే ఉన్నది. ఆయన పోయిన తర్వాత దాన్ని అమ్మడానికి మాకు చేతులు రాలేదు. 2024 అక్టోబరులో ఆయుధపూజనాడు ఎప్పటివలెనే కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి తొక్కించాము. ఈసారి నాకు ఉత్సాహం ఎక్కువై, బానెట్టు ఎత్తి ప్లగ్గులు కూడా ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించాను. పూజ అన్న తర్వాత లోపలి మసి కూడా పోవాలి కదా!

రెండు రోజులకు, పాలిటెక్నిక్ చదువుతున్న మా అబ్బాయి స్నేహితులతో శూళగిరి దాకా కారు తీసుకుపోయి వచ్చాడు. మరునాడే దానికి నత్తి మొదలయింది. నిలిపి ఉంచితే ఒళ్లంతా వణుకు. ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతూ వెనక్కు గుంజడం. మెకానిక్కులు దీన్ని ‘మిస్సింగు’ అంటారు. నేను మరేమీ ఆలోచించలేదు. “నీ తొక్కుడుకే ఇది చచ్చింది” అని వీధిలో నిలబడి, నలుగురూ వినేటట్టు అరిచి తాళంచెవి లాక్కున్నాను. వాడు బదులు చెప్పలేదు. ఆ తర్వాత మూడు వారాలు, “అమ్మ భోజనానికి రమ్మంటోంది” అన్నంత మేరకే మా మాటలు.

మెకానిక్కు మూడు ప్లగ్గులూ మార్చాడు, తగ్గలేదు. కార్బురేటరు విప్పి కడిగాడు, తగ్గలేదు. చివరకు రెండో సిలిండరు ప్లగ్గు నల్లగా తడిసి ఉండడం చూపించి, “ఆయిల్ ఎక్కుతోంది సార్, బోరు పని చేయించాలి, ముప్పై వేలవుతుంది” అన్నాడు. అంత పెట్టడం కంటే పాత ఇనుముకు వేయడమే మేలని నా లెక్కలో తేలింది. అమ్మతో చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం పోయి కారు తలుపు చీరకొంగుతో తుడిచి వచ్చింది.

ఆదివారం పొద్దున మావాడు నన్నడగకుండానే బానెట్టు ఎత్తాడు. నేను వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని చూస్తున్నాను. ముందుగా ఆ తడిసిన ప్లగ్గును కాగితం మీద పెట్టి ఎండలో ఉంచాడు. కాసేపటికి తడి ఆరిపోయి, పొడి మసి మాత్రం మిగిలింది.

“ఆయిలయితే జిడ్డు మరక నిలవాల నాన్నా. ఇది పెట్రోలు. అంటుకోకుండా అట్లే మిగిలిపోతాంది.”

మూడు వారాలలో వాడు నాతో అన్న మొదటి పెద్ద మాట అది. నేను పేపరు మడిచాను.

ఆ ఇంజనుకు మూడే సిలిండర్లు. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కొక్క సిలిండరులో ఒకసారి నిప్పురవ్వ పడాలి. నిమిషానికి 900 చుట్లు తిరుగుతుందనుకుంటే, ఒక్కొక్క దానిలో 450 సార్లన్నమాట. గాలితో సరిగా కలిసిన పెట్రోలు, దాన్ని అదిమే ఒత్తిడి, వేళకు రవ్వ, వీటిలో ఏది తప్పినా ఆ సిలిండరు పని మానుతుంది. ముగ్గురు మోసే పల్లకిలో ఒకడు భుజం దించినట్టే. ఇప్పటి కార్లలో అయితే ఎదురుగా దీపం వెలుగుతుంది. చిన్న పరికరం తగిలిస్తే ‘పి 0302’ అని, అంటే రెండో సిలిండరు తప్పుతోందని చూపిస్తుంది. మా కారుకు అటువంటి నోరు లేదు.

వాడు ఇంజను ఆపి ఒక ప్లగ్గు వైరు తీస్తాడు. దాని కొసకు వేరే ప్లగ్గు తగిలించి ఇంజను ఇనుముకు ఆనించి కడతాడు (వైరును ఊరికే గాలిలో వదలరాదు, అందులో వేల వోల్టులుంటాయి). తర్వాత స్టార్టు చేస్తాడు. ఒకటో దానికీ మూడో దానికీ ఇంజను మరింత కుంగింది. రెండో దానికి తేడాయే లేదు. ఆ ప్లగ్గును ఒకటో సిలిండరుకు మార్చాడు. జబ్బు రెండోదానిలోనే ఉన్నది. వైర్లు అటూ ఇటూ మార్చాడు; జబ్బు ఒకటోదానికి పోయింది! బోరే పోయి ఉంటే వైరుతోపాటు నడిచి పోతుందా?

మీటరు పెడితే రెండు వైర్లు వేల ఓముల లెక్క చూపాయి. మూడోది ఏమీ చూపలేదు.

“ఆయుధపూజనాడు దీన్ని ఎట్ల పీకితివి నాన్నా?”

చూపించాను. వైరు పట్టుకుని లాగాను మరి.

“కొసన రబ్బరు టోపీ ఉంది చూడు, దాన్ని పట్టుకుని కొంచెం తిప్పి లాగాల. లోపల ఉండేది రాగి తీగ కాదు, కార్బను పట్టించిన నార. తెగితే పైకి తెలీదు.”

తెగినచోట కొన్నాళ్లు రవ్వ దూకుతూనే ఉన్నదట. దూకినకొద్దీ కాలి సందు పెద్దదయింది. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండరులో ఒత్తిడి హెచ్చుతుంది గనుక అప్పుడు బొత్తిగా దూకలేకపోయింది. శూళగిరి ప్రయాణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది వాడనలేదు. నేనే లోలోపల అనుకున్నాను.

మరునాడు సగం రోజు సెలవు పెట్టి, బెంగళూరు జె.సి. రోడ్డుకు పోయి వైర్ల సెట్టు తెచ్చాను. మెకానిక్కు చెప్పినదానిలో ముప్పయ్యో వంతు కూడా కాలేదు. సాయంత్రానికి వాడు బిగించాడు. సోమవారం గదా అని అమ్మను వెనక కూర్చోబెట్టి చంద్రచూడేశ్వరుని కొండకు బయలుదేరాము. తాళంచెవి వాడికిచ్చాను. కొండ ఎక్కేటప్పుడు మువ్వురమూ ఇంజను చప్పుడే వింటున్నాము. ఒక్క దగ్గు లేదు.

“ఎవరు బాగుచేసిరిరా?” అన్నది అమ్మ.

“చెడగొట్టింది నేను, బాగుచేసింది వాడు” అన్నాను. వీధిలో అరిచినంత గట్టిగా కాదు గాని, అన్నాను.

వాడు గేరు మార్చి, “అవ్వా, అద్దం కొంచెం దించుకో, గాలి బాగుంది” అన్నాడు.

తెగిన వైరు ఇప్పటికీ డిక్కీలోనే ఉన్నది. పారవేయమంటే వాడు పారవేయడు.