గెలిస్తే కోచ్, ఓడితే ఏడీ

సినిమా అభిమానికి హీరో పుట్టినరోజు తెలుసు, డైరెక్టర్ గత సినిమాల కలెక్షన్లు తెలుసు. ప్రొడ్యూసర్ ఎప్పుడు గుర్తొస్తాడు? అప్‌డేట్ లేటయినప్పుడు. ట్యాగ్ చేసి తిట్టడానికి. అమెరికా కాలేజీ ఆటల్లో అథ్లెటిక్ డైరెక్టర్ బతుకు కూడా అచ్చం అంతే. గెలిస్తే కోచ్ గొప్పోడు, కుర్రాళ్లు గొప్పోళ్లు. ఓడితే, 'అసలు ఈ కోచ్‌ని తెచ్చిందెవడు?' అనే ప్రశ్న దగ్గర ఏడీ పేరు బయటికొస్తుంది.

మన కాలేజీల్లో పీడీ సార్‌కీ ఈయనకీ పోలిక పేరులోనే. కోచ్‌లను తేవడం, పంపించడం, స్టేడియం, టికెట్లు, విరాళాలు, రూల్స్, కేసులు అన్నీ ఏడీ నెత్తి మీదే. నేను ఎమ్మెస్ చేసిన ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 36 ఆటల టీములు, వెయ్యి మందికి పైగా ఆటగాళ్లు. ఫుట్‌బాల్ స్టేడియంలోనే లక్షమందికి పైగా పడతారు. మొత్తం ఆటల బడ్జెట్ ఏడాదికి 25 కోట్ల డాలర్లు దాటింది. ఈ సంసారాన్నంతా 2005 నుంచి 2024 జూన్ 30 వరకు ఒకే మనిషి ఈదాడు. పేరు జీన్ స్మిత్.

క్లీవ్‌లాండ్ కుర్రాడు. నోట్రడామ్‌లో ఫుట్‌బాల్ ఆడాడు. 1973లో నేషనల్ ఛాంపియన్లయిన టీమ్‌లో ఉన్నాడు. తర్వాత కొన్నాళ్లు అక్కడే అసిస్టెంట్ కోచ్, ఆ పైన ఐబీఎంలో ఉద్యోగం. అమెరికాలో ఐబీఎం ఉద్యోగం అంటే మన ఇళ్లల్లో పెళ్లిచూపులకు అది చాలు! ఆయన మాత్రం దాన్ని వదిలేసి మళ్లీ కాలేజీ ఆటల్లోకే వచ్చాడు. మూడు యూనివర్సిటీల్లో ఏడీగా పనిచేశాక ఒహాయో స్టేట్‌కి చేరాడు. అక్కడ ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతీయుడు ఆయనే.

ఓడని టీమ్, ఆడని ఫైనల్

నేను కొలంబస్‌లో దిగింది 2012 ఆగస్టులో. ఖమ్మం నుంచి రెండు సూట్‌కేసులు, ఒక కుక్కర్. ఫుట్‌బాల్ అంటే అక్కడ చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట అని మాత్రం తెలుసు. ఆ నేర్పించే పని మా కింద ఫ్లాట్‌లో ఉండే అమెరికన్ పెద్దాయన పెట్టుకున్నాడు. నలభై ఏళ్లుగా సీజన్ టికెట్ ఉన్న మనిషి. ఆటకంటే ముందు ఆయన నాకు నేర్పింది ఏడీని తిట్టడం.

కథ ఇదీ. 2010 డిసెంబరులో ఐదుగురు ఆటగాళ్లు దొరికిపోయారు. తమ ఉంగరాలు, గెలిచిన బహుమతులు అమ్ముకున్నారు, టాటూలు చవగ్గా వేయించుకున్నారు. అప్పటి రూల్స్‌లో అది నేరం. కోచ్ జిమ్ ట్రెసెల్‌కి ముందే తెలిసినా చెప్పలేదని బయటపడింది. 2011 మే 30న ఆయన రాజీనామా చేశాడు. ఆ ఏడాది టీమ్ అంతంతమాత్రం, ఆరు గెలుపులు, ఆరు ఓటములు. అయినా సీజన్ చివర్లో బౌల్ గేమ్ ఆడటానికి వెళ్లి, అదీ ఓడింది. అంతకు కొద్దిరోజుల ముందే, 2011 డిసెంబరులో, పెద్దల శిక్ష ఖరారైంది: 2012 సీజన్ తర్వాత ఏ మ్యాచూ ఆడకూడదు.

ఖర్మ ఏమిటంటే, 2012 టీమ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. స్మిత్ తెచ్చిన కొత్త కోచ్ అర్బన్ మేయర్ మొదటి ఏడాదే 12కి 12 గెలిచాడు. నవంబరు 24న మిషిగన్‌తో చివరి మ్యాచ్‌కి నేను స్టేడియంలో ఉన్నాను. చేతులు మొద్దుబారే చలి. 26-21. లక్షమంది అరుపు. పక్కనున్నవాడెవడో తెలీకపోయినా కౌగిలించుకున్నాం. ఆ తర్వాత... ఏమీ లేదు. సీజన్ అయిపోయింది. అందరూ ఇంటికెళ్లి అన్నం తిన్నాం.

జనవరిలో ఫైనల్ ఆడిన టీముల్లో ఒకటి నోట్రడామ్. స్మిత్ చదివిన కాలేజీ! అలబామా చేతిలో 42-14తో చిత్తయింది. పెద్దాయన టీవీ కట్టేసి ఒకటే మాట: ఆ పనికిమాలిన 2011 సీజన్‌లోనే బౌల్ వద్దని మనమే శిక్ష వేసుకుని ఉంటే ఈ రాత్రి మనం ఆడేవాళ్లం కదా! ఒహాయోలో ఈ వాదన ఇప్పటికీ చల్లారలేదు. నాకూ ఆయన మాటే న్యాయమనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

తెడ్డు వేసే అమ్మాయి

రెండో ఏడాది నేను టీఏగా ఉన్న క్లాసులో ఒకమ్మాయి రోయింగ్ టీమ్‌లో ఉండేది. మన పడవ పందేల్లాంటిదే. ఎనిమిది మంది వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుని తెడ్లు వేస్తారు. తెల్లవారుజామున ప్రాక్టీసు, తడి జుట్టుతోనే ల్యాబ్‌కి. ఆ టీమ్ 2013, 2014, 2015 వరుసగా మూడేళ్లు నేషనల్ ఛాంపియన్. కానీ ఆ పోటీలు చూడటానికి లక్షమంది రారు, టీవీవాళ్లు కోట్లు కుమ్మరించరు.

ఒకసారి పెద్దాయన కోపం గురించి చెబితే ఆ అమ్మాయి నవ్వేసింది. మీకు ఏడీ అంటే ఒక పోయిన ఫైనల్, నాకు కాలేజీ ఫీజు, అంది. ఫుట్‌బాల్ శనివారాల్లో వచ్చే డబ్బుతోనే వాళ్ల పడవలు, ప్రయాణాలు, స్కాలర్‌షిప్పులు. ఫెన్సింగ్, పిస్టల్ షూటింగ్, వాలీబాల్ కూడా అలాగే నడుస్తాయి. చాలా కాలేజీలు డబ్బు చాలక చిన్న ఆటలు తీసేశాయి. స్మిత్ దిగిపోయేనాటికి ఒహాయో స్టేట్‌లో 36 ఆటలూ ఉన్నాయి.

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఆయన రిటైర్ అవుతున్నానని 2023 ఆగస్టులో చెప్పినప్పుడు మా కొలంబస్ తెలుగు వాట్సాప్ గ్రూపులో రెండు పార్టీలయ్యాయి. 2015 జనవరిలో మూడో నంబర్ క్వార్టర్‌బ్యాక్‌తో ఒరెగాన్‌ని 42-20తో కొట్టి కప్పు తెచ్చిన రోజులు ఒకరు గుర్తుచేశారు. ఇంకొకరు 2018 తీశారు. ఒక అసిస్టెంట్ కోచ్ మీద వచ్చిన గృహహింస ఆరోపణలను సరిగా పట్టించుకోలేదని మేయర్‌ని మూడు మ్యాచ్‌లు, స్మిత్‌ని జీతం లేకుండా కొన్నాళ్లు సస్పెండ్ చేశారు. అది పోయిన ఫైనల్ కంటే పెద్ద మచ్చ. రోయింగ్ టీమ్ ఎన్ని కప్పులు తెచ్చినా అది చెరగదు.

ఇంకో విచిత్రం ఉంది. ఆటగాళ్లు ఉంగరాలు అమ్ముకున్నందుకు దెబ్బతిన్న ఏడీయే, 2019లో ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చా అని తేల్చడానికి వేసిన జాతీయ కమిటీకి ఇద్దరు అధ్యక్షుల్లో ఒకడయ్యాడు. 2021 జులై నుంచి ఆ సంపాదన చట్టబద్ధం. 2010లో ఆ ఐదుగురు చేసింది ఇవాళైతే ఇన్‌స్టాలో యాడ్!

2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా పంచుకోవచ్చు. ఫుట్‌బాల్ కుర్రాళ్లకు వాళ్ల చెమటకు డబ్బు రావాల్సిందే. కానీ ఆ వాటా పోయాక పడవలకు ఎంత మిగులుతుంది? రాబోయే పదేళ్లలో ఏడీల అసలు పరీక్ష అదే. స్మిత్ దాన్ని రాయకుండానే దిగిపోయాడు.

ఆయన వెళ్లిన ఏడు నెలలకు, 2025 జనవరి 20న, ఆయన వదిలి వెళ్లిన టీమ్ నేషనల్ ఛాంపియన్ అయింది. ఫైనల్లో ఓడించింది ఎవరినో తెలుసా? నోట్రడామ్‌ని, 34-23తో. ఆ రాత్రి పెద్దాయనకి ఫోన్ చేశాను. ఎనభై దగ్గర పడ్డ మనిషి, గొంతు బొంగురుపోయేలా అరిచి ఉన్నాడు. నేను జీన్ స్మిత్ పేరెత్తాను. కాసేపు మాట్లాడలేదు. మంచి కోచ్‌లనే తెచ్చాడు, అన్నాడు. ఆ వెంటనే, లెక్కప్రకారం ఇది మూడోది కావాలి, 2012 కూడా ఉంటే, అన్నాడు.

కొత్త ఏడీ పేరు రాస్ బ్యోర్క్. టికెట్ల ధర విషయంలో పెద్దాయన ఆయన్ని అప్పుడే మొదలుపెట్టేశాడు.