కనబడని గాలి

1980ల దశాబ్దమున శ్రీశైలము జలాశయము నిండినది మొదలు సోమశిలకడ కృష్ణ కడలివలె విస్తరించినది. నిరుడు కార్తికమున సిద్ధేశ్వరమునుండి ఆ రేవునకు మరలివచ్చుచుంటిమి. పడవ డీసెలు ఇంజను నడినీట చక్కగానే నడచెను; ఒడ్డు సమీపించి వేగము తగ్గింపగనే వడవడ వణకి ఆగిపోయెను. గాలి మమ్ము బండలవైపు నెట్టుచుండెను. నా ప్రక్కనున్న బాలెంత బిడ్డను పొదివికొనెను.

"నెల సంది గిట్లనే ఉన్నదయ్యా. జోరు తగ్గియ్యకుంటె ఆగదు" అనెను నావికుడు.

ఆతని కుమారుడు గడను నా చేతికిచ్చి, ఫిల్టరుమీది మరను సడలించి చేతిపంపు నొక్కెను. నురుగు వచ్చెను. క్రిందనున్న నూనెడబ్బానుండి వచ్చు గొట్టము బిగువు వదలియున్నది. అచట నూనె బయటికి కారదు, గాలియే లోనికి పోవును. అందుచే నెవరి కంటను బడలేదు. అతడు గొట్టము బిగించి, నురుగు పోవువరకు గాలి తీసెను. ఇంజను ఈసారి నెమ్మదిగానే, నిలుకడగా మ్రోగెను.

చదువరులారా! జోరుతో కప్పిన లోపము నడినీట దాగును. ఒడ్డు చేరవలసిన వేళ బయటపడును. మన గృహములందును సంఘమునందును ఇట్లు ఆర్భాటముతో నెట్టుకొని వచ్చుచున్నవి ఎన్ని లేవు! ఆ నెలలో ఒక్కనాడు పావుగంట వెచ్చించియుండినచో, ఆ తల్లి కన్నులలో అంతటి భయము నేను చూచియుండను.