నల్లమలలో తపసి చెట్టు

గిలాదు గుగ్గిలమును గూర్చి యిర్మీయా ప్రవక్త పలికిన మాట మన సంఘాలలో తరచుగా వింటాము. చెట్టు గాయం నుండి కారే బంక మనిషికి మందవుతుంది. అటువంటి మందు చెట్టు మన పాలమూరు సీమలోనూ ఉన్నది.

వేసవిలో మేము గద్వాల నుండి బయలుదేరి, బీచుపల్లి దగ్గర కృష్ణానది దాటి, వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేటల మీదుగా మన్ననూరు చేరాము. 2016లో పాత మహబూబ్‌నగర్ నుండి ఇవి మూడు జిల్లాలుగా ఏర్పడ్డాయి గాని, బాట ఒక్కటే. మన్ననూరు దాటితే నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఆకులు రాలిన గుట్టల మీద, రాళ్ల సందుల్లో, తెల్లని మొద్దులతో నిలిచినవే తపసి చెట్లు. వాటి బెరడు పలుచని కాగితంవలె పొరలుగా లేస్తుంది.

చెంచులు ఈ చెట్టుకు గాటు పెడతారు. బంక మెల్లగా ఊరి గాలికి గట్టిపడుతుంది. దానిని ఒలిచి, బెరడు ముక్కలు ఏరి, ఆరబెడతారు. ఎంత తెల్లగా ఉంటే అంత మంచి ధర. వాన తగిలితే రంగు చెడుతుంది గనుక ఎండల్లోనే ఈ పని. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇటువంటి అటవీ సరుకును గిరిజనుల వద్ద కొంటూ వచ్చింది. తపసి బంక విదేశాలకు కూడా పోతుంది. నీళ్లలో వేస్తే కరగక ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. అందుచేత మలబద్ధకానికి మందుగా, కట్టుడు పళ్లను చిగుళ్లకు అంటిపెట్టే పొడిగా వాడతారు.

అయితే గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు ఎండిపోతుంది. మాతో వచ్చిన చెంచు పెద్దాయన రెండు చెట్లు చూపించాడు. ఒకదానికి పాత గాటు పూడి కొత్త బెరడు వచ్చింది. రెండవది చుట్టూ నరుకులు పడి మోడైపోయింది. చిన్న గాటు పైపైన పెట్టాలి, అది మానేవరకు చెట్టును ముట్టరాదు అని ఆయన చెప్పాడు. ఆ బంక అమ్మిన డబ్బుతోనే ఆ ఇంటికి బియ్యం, నూనె రావాలి. ఆకలిగా ఉన్నవాడు గాయం మానేవరకు ఆగడం చిన్న సంగతి కాదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, గూటిలోని పిల్లలను తీసుకొన్నా తల్లి పక్షిని మాత్రం విడిచిపెట్టాలనే ఆజ్ఞ ఉన్నది. తీసుకోవడం తప్పు కాదు, మొదలంటా తీసుకోవడమే తప్పు. ప్రియ పాఠకులారా, మన పొలం గట్ల మీది వేప, కానుగ, చింత చెట్లకూ ఇదే వర్తిస్తుంది. దేవుడు మన పిల్లల కొరకు కూడా వాటిని ఉంచాడు. ఈసారి గొడ్డలి ఎత్తేముందు ఆ సంగతి జ్ఞాపకం చేసికొందాము.