ట్రిప్ షీటే సాక్షి

"అతను మా ఉద్యోగి కాదు." 2017లో మా బ్యూరో కారు డ్రైవర్ కుడికాలు కోల్పోయినప్పుడు మేం మొదట విన్న మాట ఇదే. నన్ను జిల్లాలో దించి ఒంటరిగా తిరిగొస్తుండగా లారీ ఢీకొంది. కారు, డ్రైవర్ ట్రావెల్స్ వాళ్లవని మా పత్రికాఫీసు చెప్పింది. అప్పుడప్పుడు రోజుకూలికి వచ్చేవాడని ట్రావెల్స్ యజమాని చెప్పాడు. ఆరేళ్లుగా మమ్మల్ని వరదలకూ ఎన్నికల సభలకూ తిప్పిన 40 ఏళ్ల మనిషి ఆస్పత్రి మంచం మీద ఎవరికీ కానివాడైపోయాడు.

రాజనీతి శాస్త్రంలో ఎంఏ చదువుతూ సంక్షేమ రాజ్యం గురించి పేజీలకు పేజీలు రాశాను. ఉద్యోగుల నష్టపరిహార చట్టం-1923ను మాత్రం ఆ వారమే తిరగేశాను. తప్పు యజమానిదేనని కార్మికుడు రుజువు చేయనక్కర్లేదు. పనిలో ఉండగా, పని కారణంగా ప్రమాదం జరిగితే చాలు. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్‌కు అప్పగించినంత మాత్రాన సంస్థ బాధ్యత తీరిపోదు. దరఖాస్తుకు రెండేళ్ల గడువుంది.

ఇక తేల్చాల్సింది అతను పనివాడేనని. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. జీతం చేతికిచ్చేవారు. చివరికి అతని భార్య ఓ సంచిలోంచి ట్రిప్ షీట్ల కార్బన్ కాపీలు తీసింది. తేదీ, బయల్దేరిన సమయం, కిలోమీటర్లు, కింద రిపోర్టర్ సంతకం. సగానికిపైగా సంతకాలు నావే.

కార్మిక శాఖ డిప్యూటీ కమిషనర్ ఎదుట సాక్ష్యం చెబుతానంటే ఓ సీనియర్, "జీతమిచ్చే ఆఫీసుకు ఎదురెళ్తావా?" అన్నారు. అక్కడ నన్ను అడిగేది ఆ సంతకాలు నావేనా అని. కాదని ఎలా చెప్పను?

చట్టం పట్టికలో కాలికి నిర్ణయించిన శాతమే ఇవ్వాలని బీమా కంపెనీ లాయర్ వాదించాడు. మా లాయర్ 1975 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించారు. చేయి పోయిన వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి సంపాదన శక్తి నూరు శాతం పోయినట్టేనని కోర్టు తేల్చిన కేసది. కుడికాలు లేని డ్రైవర్ సంగతీ అంతే.

2019లో రూ.8,84,016 పరిహారం, 12 శాతం వడ్డీతో చెల్లించాలని ఉత్తర్వు వచ్చింది. అతని సంపాదన నెలకు 12,000 అయినా చట్టం అప్పట్లో 8,000నే లెక్కలోకి తీసుకునేది. అందులో 60 శాతాన్ని 40 ఏళ్ల వయసుకు నిర్ణయించిన 184.17తో హెచ్చవేస్తే వచ్చిన మొత్తమిది. 2020 జనవరిలో ఆ పరిమితి 15,000కు పెరిగింది. అప్పులు తీరగా మిగిలిన డబ్బుతో అతను ఇంటి ముందు కిరాణా కొట్టు పెట్టుకున్నాడు.

2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. పనితో సంబంధం ఉన్నట్టు తేలితే, ఇంటి నుంచి పనికి వెళ్లి వచ్చే దారిలో జరిగే ప్రమాదాలకూ అది పరిహారమిస్తుంది. దానితోపాటే అమలైన మరో స్మృతి అపాయింట్‌మెంట్ లెటర్‌ను తప్పనిసరి చేసింది. అయితే సాధారణంగా పది మంది, అంతకుమించి పనిచేసే సంస్థల్లోనే. మూడు కార్లు తిప్పే ట్రావెల్స్‌ను అది తాకదు. అలాంటి చోట పనిచేసే వాళ్లెవరైనా తెలిసుంటే చెప్పండి, సంతకమున్న ఏ కాగితాన్నీ పారేయొద్దని.