గలిలయ తీరాన ఒక దినము

2018 ఫిబ్రవరి నెలలో ప్రభువు కృపచొప్పున మా సంఘము నుండి పద్దెనిమిదిమందిమి పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లివచ్చాము. 2023 అక్టోబరులో అక్కడ యుద్ధము మొదలైన తరువాత ఎన్నో యాత్రలు రద్దయ్యాయి. ఆ వార్తలు విన్నప్పుడల్లా మా ఫోటోల ఆల్బము తీసి చూసుకుంటున్నాము. యెరూషలేము, బేత్లెహేముల గురించి పాఠకులు చాలానే చదివి ఉంటారు. కాబట్టి గలిలయలో గడిపిన ఒక్క దినము గురించి మాత్రమే వ్రాస్తున్నాము.

మాతో వచ్చినవారిలో పిన్ని ఒకరు. సంఘమంతా ఆమెను పిన్ని అనే పిలుస్తుంది. కోనసీమలో సముద్రపు ఒడ్డు గ్రామం ఆమెది. నెత్తిన చేపల గంప పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి అమ్మి, పదకొండేళ్లు డబ్బాలో కూడబెట్టిన సొమ్ముతో ఈ యాత్రకు వచ్చారు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో ఆమె భర్త వేటకు వెళ్లి తిరిగి రాలేదు. శరీరము కూడా దొరకలేదు.

తిబెరియ పట్టణములో మా బస. ఉదయపు ఫలహారము చూసి మావాళ్లు ముఖాలు చూసుకున్నారు. దోసకాయ ముక్కలు, టమాటాలు, ఆలివు కాయలు, నాలుగైదు రకాల జున్ను, ఉప్పు చేప, గుడ్లు. యూదుల ఆహార నియమము ప్రకారం పాలతో చేసినవీ మాంసమూ ఒకే బల్లమీద పెట్టరు. ఉడికించిన శనగలను నువ్వుల ముద్ద, నిమ్మరసముతో రుబ్బి, పైన ఆలివు నూనె పోసిన హమ్ముస్ అనే పచ్చడి మాత్రం అందరికీ నచ్చింది. ఒక అక్కగారు సంచిలోనుండి కారప్పొడి సీసా తీసి దానిమీద చల్లుకొనేసరికి ఆ సీసా బల్ల చివరిదాకా వెళ్లి ఖాళీగా తిరిగి వచ్చింది.

మన బైబిలులో సముద్రము అని ఉన్నది గాని నిజానికి అది మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. మన కొల్లేరు ఇంతకంటే విశాలము. అయితే కొల్లేరు లోతు తక్కువ, ఇది లోతైనది. సముద్ర మట్టానికి దాదాపు 210 మీటర్ల దిగువన, కొండల మధ్య గిన్నెలో పోసినట్టుంది. ఫిబ్రవరి కదా, కొండలన్నీ పచ్చగా, గడ్డిలో ఎర్రని అడవి పూలతో ఉన్నాయి. ఎండాకాలంలో ఆ కొండలే గోధుమరంగుకు మారతాయట.

ధన్యతల కొండమీద ఎనిమిది మూలల దేవాలయము చూసి, తాబ్గాకు దిగాము. అయిదువేలమందికి ఆహారము పెట్టిన స్థలముగా ఎంచి కట్టిన దేవాలయములో, అయిదవ శతాబ్దపు రాళ్ల చిత్రము నేలమీద ఉన్నది. రొట్టెల గంప, అటూ ఇటూ రెండు చేపలు. 2015లో ఎవరో నిప్పుపెట్టగా ఈ ఆవరణలో కొంత భాగము కాలిపోయింది, బాగుచేసి 2017లో తిరిగి తెరిచారు. గంపలో రొట్టెలు నాలుగే కనిపిస్తాయి. అయిదవది బల్లమీద ఉంటుందని మా గైడు, నజరేతువాడైన అరబు క్రైస్తవ సోదరుడు, నవ్వుతూ చెప్పాడు.

కపెర్నహూములో ఎక్కడ చూసినా నల్లరాయి. ఆ నల్లరాతి పునాదులమీద తెల్లరాతితో కట్టిన సమాజమందిరపు స్తంభాలు నిలిచి ఉన్నాయి. తెల్లది తరువాతి శతాబ్దాలది, కింది నల్లది ప్రభువు కాలమునాటి మందిరానిదై ఉండవచ్చునని చాలామంది పండితుల అభిప్రాయము. దానికి కూతవేటు దూరములో పేతురు ఇల్లుగా చూపించే చోటు. గదులు ఎంత చిన్నవంటే మా ఊరి పాకలు గుర్తుకొచ్చాయి.

మధ్యాహ్నము భోజనానికి పేతురు చేప అన్నారు. అందరమూ ఎంతో ఎదురుచూశాము. తలతో, తోకతో నిలువునా వేయించి, పక్కన నిమ్మ చెక్క, వేయించిన బంగాళాదుంప ముక్కలు, గుండ్రని రొట్టె పెట్టారు. పిన్ని పళ్లెమును అటూ ఇటూ తిప్పి చూసి, “ఓరి నాయనో! ఇది మన జిలేబీ గదయ్యా!” అన్నారు.

నిజమే. దానిని అక్కడ మష్ట్ అంటారు. మన చెరువుల్లో, కాలువల్లో దొరికే జిలేబీకి దగ్గర చుట్టము. మన జిలేబీ ఆఫ్రికా జాతిది, 1952లో భారతదేశానికి తెచ్చారు. కొర్రమీను, పండుగప్ప కొనలేనివారు కొనుక్కునే చేప అది. పిన్ని జీవితమంతా అమ్మింది ఎక్కువగా అదే. “దీన్ని పట్టుకుని బేరమాడనోళ్లు లేరు. ఇక్కడ దీనికి అపొస్తలుడి పేరు పెట్టారా!” అని చాలాసేపు నవ్వారు.

చేప నోటిలో నాణెము దొరికిన సంగతి (మత్తయి 17) గైడు చెప్పుచూ, ఈ చేప పిల్లలను నోటిలో దాచుకుంటుందని, అవి పెద్దవయ్యాక వాటి బదులు గులకరాయి పెట్టుకుంటుందని అన్నాడు. పిల్లల సంగతి నిజమేనని, తాను ఎన్నోసార్లు చూశానని పిన్ని చెప్పగా మేము ఇంగ్లీషులోకి మార్చాము. రాయి సంగతి మాత్రం ఆమె నమ్మలేదు. మష్ట్ నాచునూ సూక్ష్మజీవులనూ తినే చేప కనుక గాలానికి పడదని, పేతురు పట్టినది వేరే రకమని వాదించే పండితులూ ఉన్నారు. “వానపామును గుచ్చితే జిలేబీ ఎందుకు పడదు?” అన్నారు పిన్ని. మేము ఈ విషయములో పిన్ని పక్షమే.

వడ్డించే అబ్బాయిని అడిగితే ఈ చేపలు సరస్సులోవి కావు, చెరువుల్లో పెంచినవన్నాడు. సరస్సులో చేపలు తగ్గిపోయాయట. మాలో కొందరికి మనసు చివుక్కుమంది. చేప మాత్రం కమ్మగానే ఉన్నది, ఉప్పు తప్ప మసాలా ఏమీ లేకపోయినా.

తరువాత కొయ్య పడవ ఎక్కాము. పడవవారు మన జాతీయ పతాకము ఎగురవేసి, జనగణమన వినిపించారు. సరస్సు నడుమ ఇంజను ఆపివేశారు. అయ్యగారు మార్కు సువార్త నాలుగవ అధ్యాయము తీసి, తుఫానును ప్రభువు గద్దించిన భాగము చదివారు. వెచ్చని లోయలోకి ఎత్తైన కొండలమీది చల్లగాలి ఒక్కసారిగా దిగినప్పుడు ఇక్కడ అలలు లేస్తాయని గైడు వివరించాడు. మేము వెళ్లిననాడు చిన్న గాలి మాత్రమే. అయినా పిన్ని పడవ అంచును రెండు చేతులా పట్టుకున్నారు.

“అయ్యగారూ, ఆ రాత్రి మావాళ్లు కూడా ఇలాగే కేకవేసే ఉంటారు గదా?”

అయ్యగారు నోరు తెరిచారు గాని మాట రాలేదు. బైబిలు మూసి, వచ్చి పిన్ని పక్కన కూర్చున్నారు. పాడాలనుకున్న కీర్తన ఎవరమూ ఎత్తలేదు. నీళ్లు పడవకు తగిలే చప్పుడు తప్ప మరేమీ లేదు.

కొంతసేపటికి పడవవాడు, యాత్రికులందరికీ చూపించినట్టే, విసురు వల తీసి విసిరాడు. ఖాళీగానే వచ్చింది. పిన్ని లేచి ఆ వలను ఒళ్లోకి లాక్కొని, తెగిన కన్ను ఒకటి వెదికి, అక్కడే పడివున్న దారముతో రెండు ముడులు వేశారు. అతడు ముడిని గోటితో లాగి చూసి, తల ఊపి, ఆమె చేతికి ఖర్జూరపండ్లు ఇచ్చాడు.

గిన్నోసరు వద్ద దిగి ప్రాచీన పడవ చూశాము. 1986లో కరువువలన నీరు తగ్గినప్పుడు ఇద్దరు అన్నదమ్ములైన జాలరులు బురదలో దానిని కనుగొన్నారు. ప్రభువు కాలమునాటిది. పొడవు 8 మీటర్ల పైన. అందులో పన్నెండు రకాల కర్రలున్నాయి, దొరికిన ముక్కతో దొరికినట్టు అతుకులు వేశారు. “ఎన్నిసార్లు బాగుచేసుకున్నాడో పాపం, కొత్తది కొనలేక,” అంటూ పిన్ని దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు.

రాత్రి బసకు వచ్చాక కొడుకుకు ఫోను కలిపి ఇమ్మన్నారు. పడవ సంగతి ఎత్తలేదు. “జిలేబీ తిన్నామురా. కారం లేదు, పులుపు లేదు. ఇంటికొచ్చాక పులుసు పెడతాను, గంపలోది ఒకటి తీసి ఉంచమని కోడలికి చెప్పు,” అన్నారు.