ఏడేళ్ల కౌలు ఏదిరా?

మూడెకరాల అకేషియా నరికించి రూ.2,88,000 అందుకున్న రోజున, నా అంత తెలివైనవాడు ప్రకాశం జిల్లాలో లేడనుకున్నాను. పెట్టుబడి రూ.1,20,000 పోగా మిగులు రూ.1,68,000. కాగితం మీద లెక్కేసి అమ్మకి చూపించాను.

"ఏడేళ్ల కౌలు ఏదిరా ఇందులో?" అంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మాది వర్షాధారపు ఎర్రనేల. రెండెకరాలు కంది, మినుముకి పనికొస్తుంది. ఎకరానికి ఏడాదికి రూ.9,000 కౌలు పలికేది. మూడో ఎకరం గులక. ఊరికే ఇస్తానన్నా ఎవరూ దున్నరు. ఒంగోల్లో బడిపంతులునైన నాకు కౌలు వసూలుకి తిరిగే ఓపిక లేక, చుట్టూ జామాయిల్, సుబాబుల్ వేసినవాళ్లని చూసి చెట్ల మీదికి మనసు పోయింది. అకేషియా తుమ్మ జాతి, గాలిలోని నత్రజనిని నేలకి ఇస్తుంది, వియత్నాంలో చిన్న రైతులు దీనిమీదే బతుకుతున్నారు అని చదివి అటే మొగ్గాను. వరసల మధ్య 3 మీటర్లు, మొక్కల మధ్య 2 మీటర్లు. ఎకరానికి 670 లెక్కన మొత్తం 2,000 మొక్కలు. చిన్నప్పుడు తుమ్మాకులా సన్నగా ఈనెలుగా ఉన్న ఆకు కొన్నాళ్లకి వెడల్పుగా మారిపోతే, నర్సరీవాడు వేరే మొక్క అంటగట్టాడని గొడవకి పోయాను. అసలు అది ఆకు కాదట, ఆకు కాడే చదునై ఆకులా విప్పారుతుందట. నాతో పనిచేసే సైన్సు మాస్టారు చెప్పి నవ్వాడు.

నష్టం నేను అనుకోని చోట వచ్చింది. నరికి పడేసిన కర్ర రోజురోజుకీ ఆరిపోతుంది, బరువు తగ్గుతుంది. రేటేమో టన్నుకి. కోత ముగిసిన పదకొండు రోజులకి గాని దళారి లారీ పంపలేదు. ఎండు కర్రకి పచ్చి కర్ర రేటే కట్టాడు. ఖర్చులు పోను టన్నుకి రూ.4,000 చొప్పున 72 టన్నులు తేలాయి. లారీ గుమ్మంలోకి వచ్చాకే గొడ్డలి ఎత్తాలని అప్పుడు తెలిసింది.

పన్ను సంగతి కూడా ఒకటుంది. దున్ని నాటి పెంచిన చెట్ల రాబడి వ్యవసాయాదాయమే. వాటంతటవే మొలిచిన అడవి చెట్లకి ఆ వీలు లేదని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. అయితే నాలాంటి జీతగాళ్లకి దాన్ని రేటు లెక్కలో కలుపుతారు. ఒకే ఏడు అంత సొమ్ము వచ్చి పడేసరికి జీతం మీద పన్ను కాస్త బరువెక్కింది.

అమ్మ మాటకి మళ్లీ కూర్చున్నాను. గులక ఎకరం కర్ర విడిగా కాటా వేయించాను కాబట్టి విడదీయగలిగాను. అక్కడ 18 టన్నులు, రూ.72,000. పెట్టుబడి 40,000 తీస్తే 32,000. పోయిన కౌలు సున్నా. మంచి రెండెకరాల్లో రూ.2,16,000. పెట్టుబడి 80,000, ఏడేళ్ల కౌలు 1,26,000 తీసేస్తే చేతిలో పదివేలు! ఆ పెట్టుబడిలో మొదటి ఏడు పెట్టిన 60,000ని 7 శాతం వడ్డీకి బ్యాంకులో పడేసినా 36,000 వచ్చేది. గులకలో పెట్టిన డబ్బు మాత్రం బ్యాంకుని దాటింది.

ఇక పర్యావరణం. పేపరు గుజ్జుకి పోయే కర్రలో కర్బనం కలకాలం దాగుంటుందని నేను చెప్పలేను. కళ్లారా చూసింది చెప్తాను. గులక చెక్క మీద ఆకు రాలి మందంగా పరుచుకుంది, తొందరగా కుళ్లదు కూడా. వానకి ఎర్రనీళ్లు కిందిచేల మీద పడటం తగ్గింది. ఊళ్లో పొయ్యిలకి రాలిన కొమ్మలు సరిపోయాయి. ఆ ఆకు దుప్పటి కింద గడ్డి మొలవక మేకలవాళ్లు నన్ను తిట్టుకున్నారు, అదీ నిజమే.

జామాయిల్‌లా నరికిన మోడు మళ్లీ పిలకలేస్తుందన్న ఆశ అకేషియా మీద పెట్టుకోకూడదు, మళ్లీ మొక్కలు కొనాల్సిందే. గులకలో కొన్నాను. మంచి రెండెకరాలూ కౌలుకిచ్చేశాను. మోళ్లు నువ్వే పీకించాలని కౌలుదారు పట్టుబడితే జేసీబీకి ఇంకో పదకొండు వేలయింది, అంటే ఆ పదివేలూ పోయాయి. మోళ్ల మధ్య గింజ రాలి మొలిచిన పిల్లమొక్కని అతను పీకి, వేళ్ల మీద ఆవగింజల్లాంటి బుడిపెలు చూపించాడు. గోటితో ఒకటి నొక్కితే లోపల గులాబీ రంగు.

"ఇందులోనే ఉందన్నా ఎరువు. ఈ ఏడు యూరియా కట్ట తగ్గిస్తా" అన్నాడు.

కౌలు పెంచమని మాత్రం నేను అడగలేదు.